ముద్ర లేని గుర్రం

ఉలాన్‌బాతర్,
2000 నవంబరు 18.

మామయ్యా,

మంద ఒంటి మీద కొవ్వుందా? దొడ్డి గోడ గాలికి ఆగుతోందా? అత్తయ్య మోకాలు మాట వింటోందా? అడగాల్సినవి అడిగేశాను. నువ్వు ‘బాగున్నాం’ అని మనసులో అనేసుకో, ఇక నా గోల విను.

నాకు రెండు కావాలి. అత్తయ్య వేసవిలో తయారుచేసిన తెల్ల ఉన్ని పట్టా ఒక ముక్క, రెండు బారల పొడవు, ఒక బార వెడల్పు. గుడారానికి చుట్టేదే, కాకపోతే సన్నగా ఉంటే మంచిది. ఇంకొకటి, నా గుర్రం ఎర్రబూడిద తోక వెంట్రుకలు ఒక పిడికెడు. కోసేటప్పుడు వాడికి నా పేరు చెప్పు, తన్నడు.

ఎందుకో తర్వాత రాస్తాను. ఇప్పుడు రాస్తే నువ్వు పంపవు.

కాలేజీలో ఇది చివరి ఏడాది కదా, ఎవరి ప్రదర్శన బొమ్మ వాళ్లు మొదలుపెట్టాలి. మొన్న మా మాస్టారు నా చిత్తు బొమ్మ ముందు చేతులు వెనక్కి కట్టుకుని చాలాసేపు నిలబడ్డారు.

“ఇదేమిటి?”

“గుర్రమండీ.”

“కాళ్లేవి?”

“పరిగెడుతున్నాయి.”

“తలేది?”

“ముందు వెళ్లిపోయింది.”

క్లాసంతా నవ్వింది. ఆయన నవ్వలేదు. “ఉయాంగా, మన జాతి గుర్రం మీద పుట్టింది. దాన్నిలా పులిమి పెడితే మీ తాతలు ఒప్పుకోరు” అన్నారు. నాకు ఒళ్లు మండింది. “మా తాత గుర్రాన్ని పక్కనుంచి ఎప్పుడు చూశాడండీ? పొద్దస్తమానం దాని మీదే ఉండేవాడు. పైనుంచి చూస్తే గుర్రానికి కాళ్లుండవు. రెండు చెవులూ, జూలూ, ముందు దారీ. అంతే” అన్నాను. ఆయన పక్క బల్ల దగ్గరికి వెళ్లిపోయారు. గెలిచానో, మార్కులు పోగొట్టుకున్నానో తెలీదు.

ఆ గుర్రం ఎర్రబూడిదే. నాకు నాలుగేళ్లప్పుడు పుట్టువెంట్రుకలు తీసిన రోజు నువ్విచ్చిన ఆడగుర్రం ఆఖరి ఈతలో పుట్టినవాడు. కాలేజీ చూడ్డానికొచ్చిన ఒక రష్యన్ ఆవిడ వాడి పేరేమిటని అడిగింది. “ఎర్రబూడిద” అన్నాను. “అది రంగు. పేరు?” అంది. ఏం చెప్పను! గుర్రానికి రంగు కాక ఇంకో పేరెందుకు?

వాడికి చలికాలపు బొచ్చు ఎలా వచ్చింది? భుజం మీద బూడిద ఎక్కువైందా, తగ్గిందా? నాకు అది తెలియాలి. తప్పకుండా రాయి.

అమ్మ బ్రెడ్డు ఫ్యాక్టరీలో రాత్రి డ్యూటీ మానేసింది. నిన్ను అడిగానని చెప్పమంది.

నీ దగ్గర స్వారీ నేర్చుకుని నీ మాట వినని
ఉయాంగ

*

కెర్లెన్ ఒడ్డు,
డిసెంబరు 10.

ఉయాంగా,

బాగున్నాం. మనసులో అనుకోమన్నావు, కానీ ఉత్తరమన్నాక రాయాలి కదా.

నవంబరులో మంచు పడింది, ఒక్కరోజు కరిగింది, మళ్లీ గడ్డకట్టింది. గడ్డి అంతా గాజు కింద ఉన్నట్టుంది. గుర్రాలు గిట్టలతో పగలగొట్టి తింటున్నాయి. గొర్రెలకు ఆ బలం లేదు. పక్క గుడారం సోద్నొం తాత ఇది జుద్, మందల్ని మింగే చలికాలం, అనేశాడు. ఎనభై ఏళ్లలో ఏడు చూశాడట, ఇది ఎనిమిదోదట. ఆయన నోట ఆ మాట వచ్చిన రోజు మీ అత్తయ్య చాయ్‌లో ఉప్పు వేయడం మరిచిపోయింది. అయినా దిగులొద్దు. మాకు ఎండుగడ్డి దొరికింది.

పట్టా పోస్టు జీపులో పంపాను. మీ అత్తయ్య ఒకటే మాట: “పిల్ల గది చలిగా ఉండుంటుంది. అభిమానం, చెప్పుకోదు.” అందుకని నువ్వడిగిన సన్నది కాదు, ఇంట్లో అన్నిటికంటే మందమైనది తీసింది. సగం మంచం కింద పరుచుకో. సగం కిటికీకి కొట్టుకో.

వెంట్రుకలు కూడా పంపాను. ఫిడేలు చేయిస్తున్నావా?

మీ మాస్టారితో అలా మాట్లాడొద్దు. కానీ నీ మాట నిజమే. నేను కూడా ఇన్నేళ్లలో స్వారీ చేస్తుండగా గుర్రం కాళ్లు చూడలేదు. చూస్తే పడిపోతాం.

ఇక్కడ పెన్సిలు అరిగిపోయింది, చెక్కి మళ్లీ రాస్తున్నాను. రాయడానికి ఇంకేమీ లేదు.

మామయ్య దమ్దిన్

*

ఉలాన్‌బాతర్,
2001 ఫిబ్రవరి 6.

మామయ్యా,

ఆదివారాలు ఇంటికి వెళ్తున్నాను. రేడియోలో మన జిల్లా పేరు చెప్పినప్పుడల్లా అమ్మ గిన్నె చప్పుడు ఆపేస్తోంది. మీకు గడ్డి దొరికిందని రాసినందుకు వంద దండాలు.

అత్తయ్యకు చెప్పు, పట్టా గోడ మీదే ఉంది. కానీ చలికి కాదు. (కూర్చోబెట్టి చెప్పు.) దాని మీద బొమ్మ వేశాను.

తిట్టడం అయిందా? ఇక విను. కాన్వాసు మీద మనసు మార్చుకోవచ్చు, గీకి మళ్లీ వేసుకోవచ్చు. ఉన్ని అలా కాదు. రంగు పడిందంటే లోపలికి తాగేస్తుంది. తప్పు చేస్తే ఆ తప్పు అక్కడే కాపురం పెడుతుంది. అందుకే నాకు ఉన్ని కావాల్సి వచ్చింది. రంగుల్లో ఎముకల జిగురు కాచి కలిపాను. ఆ వాసనకు హాస్టల్లో నా గదిలోని ఇద్దరూ పక్క గదికి మారిపోయారు. ఇప్పుడు నాకు గది మొత్తం ఉంది. కళవల్ల కలిగిన మొదటి లాభం.

బొమ్మలో కాళ్లు లేవు, కళ్లు లేవు. ఒకటే ఎర్రటి విసురు, ఒక చివరినుంచి ఇంకో చివరికి. ఎరుపులో బూడిద, బూడిదలో సన్నటి తెల్ల గీతలు. కింద నలుపు. మన కెర్లెన్, మంచు విడిచేముందు ఉండే రంగు. మూడు వారాలు తెల్ల పట్టా ముందు ఊరికే కూర్చుని, ఒక్క మధ్యాహ్నంలో వేసేశాను. బాగుంది మామయ్యా. నాకు సందేహం లేదు.

ఇప్పుడు ఫిర్యాదు. నువ్వు పంపిన వెంట్రుకలు వాడివి కావు. వాడి తోకలో మూడోవంతు తెలుపు. ఇవి బొగ్గు నలుపు. చలికి బద్ధకించి చేతికందినదాని తోక కోసేశావు కదా? దొరికిపోయావు! నీ మందలో ఏ వెంట్రుక ఎవరిదో నాకు తెలియదనుకున్నావా? కుంచె మాత్రం బాగా కుదిరింది.

ఇంకో ఫిర్యాదు. భుజం మీద బూడిద గురించి తప్పకుండా రాయమన్నాను. పెన్సిలు చెక్కిన సంగతి రాశావు, అది రాయలేదు. ఎందుకో నాకు తెలుసు. పోయిన వేసవిలో నా బొమ్మలు చూసి “వాన పడ్డ గోడలా ఉన్నాయి” అన్నావు. నా గుర్రాన్ని కూడా గోడ చేస్తానని నీ భయం. నీకూ మా మాస్టారికీ ఒకటే జబ్బు.

ఫొటో పంపుతున్నాను. చూసి నోరారా తిట్టు. మౌనంగా మాత్రం ఉండకు.

ఉయాంగ

*

కెర్లెన్ ఒడ్డు,
మార్చి 4.

ఉయాంగా,

నీ ఫొటో తెల్లనెల కొత్తేడాది పండుగ రెండోరోజు చేరింది. గుడారం నిండా జనం. నశ్యం సీసా ఒకవైపునుంచి, నీ ఫొటో ఇంకోవైపునుంచి చేతులు మారుతున్నాయి.

“ఇది గుర్రమా, గుర్రం పొర్లిన చోటా?” అని ఒకాయన.

“తల ఇటుంది.”

“అది తోకరా.”

“తోక అంత లావుంటుందా? నీ పెళ్లాం జడ అనుకున్నావా?”

మీ అత్తయ్య ఫొటో లాక్కుని చూసి, “నా పట్టా! నలుగురం తడిపి, చుట్టి, రోజంతా గుర్రం వెనక ఈడ్పించి చేసిన పట్టా! బురద పోసింది చూడండి!” అని మొత్తుకుంది. మొత్తుకుంటూనే దాన్ని తీసుకెళ్లి అద్దం ఫ్రేములో అందరి ఫొటోల మధ్య దోపింది.

నాకైతే తలా తోకా తెలియలేదు. ఉన్నమాట రాస్తున్నాను.

అప్పుడు సోద్నొం తాత కళ్లజోడు తెప్పించుకున్నాడు. అద్దం దగ్గరికి పోయి చాలాసేపు చూశాడు. “దమ్దిన్, ఇది నీ మేనకోడలి ఎర్రబూడిద కదరా? భుజం దగ్గర బూడిద మొదలయ్యే తీరు చూడు. ఇంకో గుర్రానికి అలా లేదు” అన్నాడు. మళ్లీ చూశాడు. “మరి ముద్రేదీ? నీ నెలవంక ముద్ర తొడమీద ఉండాలి కదా. అన్నీ వేసి అదొక్కటీ ఎందుకు వదిలేసింది?”

గుడారంలో అందరూ బూజ్ మాంసం కుడుములు నమలడం ఆపేశారు. వాళ్లందరికీ తెలుసు. నీకొక్కదానికే తెలియదనుకున్నాను.

ముందు వెంట్రుకలు వాడివి కావన్నావు. తర్వాత ముద్ర లేకుండా బొమ్మ పంపావు. ముద్ర లేని గుర్రమంటే ఈ మందది కాని గుర్రం. నాకు అర్థమైంది. తిట్టకుండా తిట్టడం మీ అమ్మ దగ్గర నేర్చుకున్నావు.

అవును. ఇచ్చేశాను.

డిసెంబరు మొదట్లో గొంచిగ్ అని ఒకాయన నది దిగువన దోర్నొద్ నుంచి లారీతో వచ్చాడు. అక్కడ మంచు తక్కువ, గడ్డి ఎక్కువ. రెండు లారీల గడ్డి ఇస్తాను, ఒక మంచి స్వారీ గుర్రం కావాలన్నాడు. వేరేవి చూపించాను. వాటి పక్కటెముకలు అప్పటికే బయటపడ్డాయి. ఒంటి మీద కండ ఉన్నది ఎర్రబూడిద ఒక్కడికే. ఆయన ఇంకోదానివైపు చూడలేదు. ఆ గడ్డితో పదకొండు ఆడగుర్రాలు బతికాయి. నీ పుట్టువెంట్రుకలప్పుడు ఇచ్చిన ముసల్ది వాటిలో ఉంది.

తలకు కట్టిన పలుపు ఇవ్వలేదు. అది గుమ్మం పక్క మేకుకే ఉంది. తోక వెంట్రుకలు నాలుగు, మంద అదృష్టం గుర్రంతో పోకుండా, తీసి దేవుడి దగ్గర పెట్టాను. నీ ఉత్తరం ఆ తర్వాత చదివాను. అవి పంపడానికి చెయ్యి రాలేదు, వేరేదాని తోక కోశాను.

బద్ధకం కాదు.

దమ్దిన్

*

ఉలాన్‌బాతర్,
మార్చి 17.

మామయ్యా,

నేను అనని మాటకు నువ్వు జవాబిచ్చావు. నాకేమీ తెలియదు. వెంట్రుకల మాట వేళాకోళానికి రాశాను. నీ ఉత్తరం చదివేదాకా నా గుర్రం నీ దొడ్లో ఉందనుకుంటున్నాను. రోజూ దాని భుజం గురించి ఆలోచిస్తున్నాను.

ముద్ర ఎందుకు వేయలేదో చెప్తాను, విను. వాడికి రెండేళ్లప్పుడు ముద్ర వేసిన రోజు మెడ పట్టుకున్నది నేనే. ఇనుము తగలకముందే, దాని వేడి తగలగానే తొడమీద చర్మం వణికింది. నీళ్లమీద గాలి నడిచినట్టు. నేను ఆ వణుకు వేశాను. అది వేశాక ముద్రకు చోటు లేకపోయింది. అంతే. నీ మీద తీర్పు కాదు.

గడ్డికోసం ఇచ్చావు. అది నాకు అర్థమవుతుంది. పదకొండు ప్రాణాలు. నేనే అక్కడుంటే నేనే తోలి ఇచ్చేదాన్ని. కానీ నన్ను అడగలేదు. జిల్లా కేంద్రంలో టెలిఫోన్ ఉంది, పోస్టు జీపు ఉంది, పండుగకు గుడారం నిండా కూర్చున్నవాళ్లలో ఒక్కరికైనా నోరుంది. పుట్టువెంట్రుకలప్పుడు ఇచ్చింది ఇచ్చినవాడిది కాదని నాకు నేర్పింది నువ్వే.

ఈసారి మంద గురించీ మోకాలి గురించీ అడగడం లేదు. ఎందుకో నీకు తెలుసు.

ఉయాంగ

*

కెర్లెన్ ఒడ్డు,
ఏప్రిల్ 29.

ఉయాంగా,

నీ ఉత్తరానికి నెలన్నరగా జవాబు వెతుకుతున్నాను. దొరకలేదు. ఇవాళ దానంతటదే వచ్చింది.

తెల్లవారి మీ అత్తయ్య బూడిద పారబోయడానికి వెళ్లి అక్కడినుంచే కేకేసింది. “ఏమయ్యోయ్! చుట్టం వచ్చాడు!”

“కూర్చోబెట్టు, చాయ్ పోయి.”

“ఈ చుట్టం చాయ్ తాగడు!”

బయటికొచ్చాను. గుర్రాలను కట్టే తాడు దగ్గర, తన చోట్లో, ఎవరో కట్టేసినట్టే నిలబడి ఉన్నాడు. ఎర్రబూడిద. ఎముకలగూడు. మెడకు తెగిన తాడుముక్క, ఎడమ చెవి కొస చలికి రాలిపోయింది, ముందు గిట్టలు అరిగి గుండ్రంగా ఉన్నాయి. దోర్నొద్ నుంచి నది పట్టుకుని ఎగువకు వచ్చి ఉంటాడు. గుర్రాలు పుట్టిన నేలకు తిరిగొస్తాయని అందరమూ అంటాం. నా మందలో మాత్రం ఇదే మొదటిసారి.

ముసల్ది వాసన చూసింది. గుర్తుపట్టి పళ్లతో మెడమీద గోకింది. నేను పలుపు తీసుకుని వెళ్లాను. వాడే తల దూర్చాడు.

మీ అత్తయ్య ఏడ్చింది. నేను ఏడవలేదు. గాలి ఎదురుగా ఉంది.

నువ్వు అడిగావు కాబట్టి రాస్తున్నాను: భుజంమీద బూడిద పెరిగింది. చేతివెడల్పంత.

కానీ ఉయాంగా, వాడు మనవాడు కాదు. గడ్డి తిన్నాం. వాడొచ్చాడని గొంచిగ్‌కు ఇవాళే కబురు పెట్టాను.

మీ అత్తయ్య మోకాలు బాగానే ఉంది. నువ్వు అడక్కపోయినా.

దమ్దిన్

*

ఉలాన్‌బాతర్,
మే 9.

మామయ్యా! మామయ్యా!

మంద బాగుందా, దొడ్డి బాగుందా, మోకాలు బాగుందా, పెన్సిలు బాగుందా! నీ ఉత్తరం మెట్లమీదే చదివి అక్కడే కూర్చుండిపోయాను. వార్డెన్ వచ్చి “ఎవరు పోయారమ్మా?” అని అడిగింది. “పోయినవాడు వచ్చాడు” అన్నాను.

అరిగిన గిట్టలంటావా! ఫిబ్రవరిలో నేను వేసిన బొమ్మలో వాడు నది పట్టుకునే వెళ్తున్నాడు. వేసేటప్పుడు ఎటు వెళ్తున్నాడో నేను ఆలోచించలేదు. వాడికి తెలిసినట్టుంది.

నా వార్త కూడా విను. జూన్ ఒకటిన ప్రదర్శన. నడిమి గోడ నాకిచ్చారు! మాస్టారే ఇచ్చారు, కాళ్లు లేని గుర్రానికి. “నేను నిన్ను ఒప్పుకోవడం లేదు. కానీ దానిముందు నిలబడితే వెనక్కి జరగాలనిపిస్తోంది” అన్నారు. ఇంతకంటే మెచ్చుకోలు ఆయన నోట రాదు. ఆ రోజు పరీక్షకులొస్తారు. ఆరుగురిలో ఒకరిని రెండేళ్ల చదువుకు పీటర్స్‌బర్గ్ పంపిస్తారు. ఆ ఒకరు నేనే. ఇది గర్వం కాదు, మిగతా ఐదు బొమ్మలూ చూశాను.

గొంచిగ్ వస్తే చాయ్ ఇచ్చి, మాటల్లో పెట్టి, వాడు ముసలాడైపోయాడనీ, చెవి లేదనీ చెప్పు. ఎలాగోలా ఆపు.

నీ
ఉయాంగ

*

కెర్లెన్ ఒడ్డు,
మే 11.

ఉయాంగా,

గొంచిగ్ వచ్చాడు. పక్కబండి ఉన్న పాత మోటారుసైకిలు మీద, నాలుగు రోజులు నది వెంట. నశ్యం సీసాలు మార్చుకున్నాం. పొడుగాటివాడు, మాట తక్కువ, ఉడికిన మాంసం బాగా తింటాడు.

నేను అనాల్సింది అన్నాను. “గుర్రం నీది. తీసుకెళ్లు. రెండు ఆడ గుర్రప్పిల్లలను కలిపి తీసుకెళ్లు, కష్టపెట్టినందుకు.”

ఆయన బయటికెళ్లి ఎర్రబూడిద చుట్టూ తిరిగాడు. గిట్టలెత్తి చూశాడు. “ఇంత నడిచినదాన్ని మళ్లీ తీసుకెళితే మళ్లీ నడుస్తుంది. ఈసారి చస్తుంది. ఆ పాపం నాకొద్దు” అన్నాడు. “గుర్రప్పిల్లలూ వద్దు. నీ మందలో మిగిలిందే అంత.”

లోపలికొచ్చి కూర్చుని, అద్దంలో నీ ఫొటో చూశాడు. తాగుతున్న గిన్నె కింద పెట్టాడు.

“ఇదెవరు చేశారు?”

“నా మేనకోడలు. గుర్రమంటుంది.”

“గుర్రమే. అదే” అని బయటికి చెయ్యి చూపించాడు. “తాడు తెంపుకుని వెళ్లిన పొద్దున నేను చూసింది ఇంతే. కాళ్లు కనపడలేదు. నది పక్కన ఎర్రగా ఏదో పోయింది. మా ఇంట్లోవాళ్లకు ఎంత చెప్పినా నమ్మలేదు, నువ్వే వదిలేశావన్నారు. ఇదుగో, ఇదే.”

మళ్లీ తాగాడు. తర్వాత అన్నాడు: “గుర్రానికి గుర్రం. ఆ పట్టా ఇస్తే ఈ గుర్రం మీదే. దీనికి కాళ్లు లేవు, పారిపోదు.”

మీ అత్తయ్య నావైపు చూసింది. నేను చెప్పాను: “అది నాది కాదు, ఆ పిల్లది. దానిది దాన్ని అడక్కుండా ఒకసారి ఇచ్చేశాను. రెండోసారి ఇవ్వను. అడుగుతాను.” ఆయన సరేనన్నాడు. జూన్ ఐదున మళ్లీ వస్తాడు. అప్పటిదాకా గుర్రం ఇక్కడే.

కాబట్టి అడుగుతున్నాను ఉయాంగా. ఈసారి అడుగుతున్నాను. ఇవ్వనంటే వాడు ఆయనతో వెళ్తాడు, నేను నిన్నొక్క మాట అనను. పట్టా నీది.

మామయ్య

*

కెర్లెన్ ఒడ్డు,
మే 18.

ఉయాంగా,

నీ తొమ్మిదో తారీఖు ఉత్తరం ఇప్పుడే జీపులో వచ్చింది. నేను అడిగింది చించెయ్. పరీక్షకుల సంగతి తెలిస్తే అడిగేవాణ్ణి కాదు. బొమ్మను గోడమీదే ఉంచు. గుర్రాలు పోతాయి, వస్తాయి. నీకు నడిమి గోడ మళ్లీ ఇవ్వరు. గొంచిగ్‌కు నేను చెప్పుకుంటాను.

బొమ్మ పంపావంటే నీకూ నాకూ చెడుతుంది.

దమ్దిన్

*

ఉలాన్‌బాతర్,
మే 20.

మామయ్యా,

పట్టా ఇవాళ జీపెక్కింది. నీ ఉత్తరం పొద్దున అందింది, మధ్యాహ్నానికి మేకులు పీకేశాను. చుట్టేటప్పుడు రంగు లోపలివైపు ఉండేలా చుట్టాను. తడవనీయకు.

మూడు గంటలు ఆలోచించాను, అబద్ధం చెప్పను. హాస్టలు చుట్టూ నాలుగుసార్లు తిరిగాను. పీటర్స్‌బర్గ్‌లో రెండేళ్లు! నాకు ఎంత కావాలో నీకు తెలియదు. తర్వాత ఒకటే తోచింది. ఆ బొమ్మ వేసింది ఈ చేతులు, అవి నా దగ్గరే ఉన్నాయి. ఎర్రబూడిదను మాత్రం నేను వేయలేను. వాణ్ణి ముసల్దే వేసింది, అది ఇక వేయదు.

నువ్వు అడిగావు. నేను ఇచ్చాను. అడిగితే ఇచ్చే రకాన్నని నీకు డిసెంబరులోనే తెలిసుండాల్సింది.

మాస్టారు కేకలేశారు. “గోడ ఖాళీగా పెడతావా? ఇంకో బొమ్మ పెట్టు!” పెట్టనన్నాను. ఆ గోడమీద ఏం పెట్టాలో నాకు తెలుసు.

ఉయాంగ

*

ఉలాన్‌బాతర్,
జూన్ 2.

మామయ్యా,

నీ పద్దెనిమిదో తారీఖు ఉత్తరం పట్టా వెళ్లిపోయిన మూడోరోజు వచ్చింది. ‘నీకూ నాకూ చెడుతుంది’ అట! ఆరునెలలుగా ఏం చేస్తున్నాం మరి?

ప్రదర్శన నిన్న అయింది. మన జిల్లా కేంద్రం పోస్టాఫీసు తలుపుమీద తప్పిపోయిన గుర్రాలకు చీటీలు అంటిస్తారు కదా, అలాంటి చీటీ రాసి ఆ పెద్ద తెల్లగోడ మధ్యలో అంటించాను:

‘ఎర్రబూడిద గుర్రం. ఎనిమిదేళ్లు. భుజాన చేతివెడల్పు బూడిద. ముద్ర లేదు. కెర్లెన్ వెంట వెళ్తోంది. చూసినవారు ఆపవద్దు.’

పరీక్షకుల్లో ఒక ముసలావిడ ఉంది. గోబీవైపు మనిషి, ఒంటెలాగే నింపాదిగా నడిచింది. చీటీ చదివి, ఖాళీ గోడంతా ఈ చివరినుంచి ఆ చివరిదాకా కళ్లతో నడిచింది. “ఎటు వెళ్లింది?” అని నన్నే అడిగింది. “దిగువకండీ. దానికి బదులు ఇంకోటి ఎగువకు వచ్చింది.” ఆవిడ తలూపి, పక్కనున్నాయనతో, “దీనికి సీటు ఇవ్వలేం, గోడమీద ఏమీ లేదు కదా. కానీ ఈ పిల్ల పేరు రాసుకో” అంది.

సీటు ఎత్తయిన మేడలు వేసే కుర్రాడికి వెళ్లింది. మేడలు బాగానే వేస్తాడు. నిన్నంతా నాకు కడుపు మండింది. ఇవాళ పొద్దున లేచి కొత్త కుంచె కట్టుకున్నాను. ఆవిడ రాసుకున్న పేరు ఎక్కడికీ పోదు, నేను ఇంకో పది వేస్తాను.

గొంచిగ్ వచ్చాడా? మళ్లీ అడక్కముందే రాయి.

ఉయాంగ

*

కెర్లెన్ ఒడ్డు,
జూన్ 8.

ఉయాంగా,

పట్టాతో పాటు నీ మొదటి ఉత్తరం, నిన్నటి జీపులో రెండోది వచ్చాయి. చదివి పొట్లం కట్టి పెట్టాను. నువ్వు చెప్పింది నిజమే, డిసెంబరులో తెలిసుండాల్సింది. ముసలి గుర్రాన్ని, నెమ్మదిగా నేర్చుకుంటాను.

గొంచిగ్ అన్నరోజుకే వచ్చాడు. పచ్చికమీద పట్టా విప్పి పరిచాం. ఫొటోలో చిన్నదిగా ఉండి నాకు తెలియలేదు. మీ అత్తయ్య దాని చుట్టూ ఒక చుట్టు తిరిగి, “సరే, నా పట్టా బాగానే ఉంది” అంది. అంటే ఏమిటో నీకు తెలుసు. ఎర్రబూడిద తాడు దగ్గర్నుంచి ఒకసారి చూసి మళ్లీ గడ్డిలో మూతి పెట్టాడు. గొంచిగ్ టోపీ తీసి పక్కన పెట్టుకుని కూర్చున్నాడు. పాలు పొంగి పొయ్యి ఆరిపోయేదాకా ఎవరమూ లేవలేదు.

పలుపు లేకుండానే ఇచ్చాను. దీనికి పలుపు ఎక్కడ కట్టాలో ఎవరికీ తెలియదు కాబట్టి సరిపోయింది.

మళ్లీ చుట్టి పక్కబండిలో నిలువుగా కట్టాడు. కొస కొంచెం బయటికొచ్చింది. బయలుదేరబోతూ నడుముకు చుట్టుకున్న పట్టు గుడ్డ విప్పాడు. దూరం తీసుకెళ్లే గుర్రానికి దారి గుర్తుండకుండా కళ్లు కప్పుతాం కదా.

“దీన్ని కూడా నమ్మను” అన్నాడు. “మీ ఇంటి గుర్రాలు. తల ఎటుందో చెప్పు, కప్పేస్తాను.”

మీ అత్తయ్య నావైపు చూసింది. పండుగనాడు అంతమంది ముందు తలా తోకా తెలియలేదన్నవాణ్ణి నేనే కదా.

ఒక్క క్షణం కూడా ఆలోచించలేదు ఉయాంగా. చుట్ట కొస విప్పి, కుడివైపు పై మూల, బూడిద అయిపోయి తెల్ల ఉన్ని మొదలయ్యేచోట చెయ్యి పెట్టాను. వెచ్చగా ఉంది. ఎండకేమో. ఆయన సరిగ్గా అక్కడే గుడ్డ చుట్టి, గట్టిగా ముడేసి, నది దిగువకు వెళ్లిపోయాడు.

ఎర్రబూడిద జూలుకు నీలి పట్టుపీలిక కట్టాలి. అది కడితే ఇక ఎవరూ ఎక్కరు, ఎవరూ ఇవ్వరు. అది కట్టాల్సింది గుర్రం ఎవరిదైతే వాళ్లు. నేను కట్టను.

నేను చూపించిన చోటు తప్పయితే ఉత్తరం రాయి. ఒప్పయితే రాయకు, బయలుదేరి రా.

మామయ్య